ఇనుము మీది అక్షరాలు

వేములవాడను ఏలిన చాళుక్యుల సంగతి ఇవాళ మనకు తెలుసంటే చాలావరకు రాళ్ల పుణ్యమే. గంగాధర దగ్గరి కురిక్యాలలో బొమ్మలగుట్ట ఉంది. వేములవాడ ఆస్థానకవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో ఆ గుట్ట మీద శాసనం చెక్కించాడు. అందులో సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగు కంద పద్యాలు కూడా ఉన్నాయి. వెయ్యేళ్ల కింద ఇక్కడ తెలుగులో పద్యం చెప్పారని ఎవరూ కాదనలేరు, ఎందుకంటే రాయి ఎదురుగా ఉంది.

మన ఆదివాసులకు అట్లాంటి రాళ్లు తక్కువ. చెక్కించే రాజులు మనవైపు రాలేదు. మనకు ఉన్నది పాట, ప్రధానుల కిక్రీ మీద పలికే కథ, పెద్దల నోటిమాట. వాటితో పాటు కొన్ని ఇళ్లలో ఇనుము ఉంది. గోండులు పెర్సాపేన్‌ను ఇనుప ఈటెమొన, చామరం రూపంలోనే కొలుస్తారు కదా! పూర్వీకుల ఇనుమును పారేయడం మన పద్ధతి కాదు. అందుకే ఏ అటకమీదో, గుమ్మిలోనో పాత భర్మార్ తుపాకి గుడ్డలో చుట్టి కనబడుతుంది. ఎప్పుడో ఒకసారి ఒక రివాల్వర్ కూడా బయటపడుతుంది. "ఇది రాంజీ గోండు కాలంది" అని ఇంట్లో చెప్తారు. నిజమేనా?

ఈ ప్రశ్న అడగడం పెద్దల మాటను తక్కువ చేయడం కాదు. రాంజీ గోండు రోహిల్లాలతో కలిసి నిర్మల్ ప్రాంతంలో ఇంగ్లీషువాళ్లతో, నిజాం సేనతో పోరాడింది 1857 తరువాతి రోజుల్లో. 1860 ఏప్రిల్ 9న ఆయనను, ఆయనతో పాటు వెయ్యి మందిని మర్రిచెట్టుకు ఉరి తీశారని జనం చెప్పుకుంటారు. ఆ చెట్టు పేరే వెయ్యి ఉరుల మర్రి. అంత పెద్ద చరిత్రకు సాక్ష్యంగా మనం ఒక వస్తువును నిలబెడితే, ఆ వస్తువు ఆ కాలానిదై ఉండాలి. తప్పుడు సాక్షిని నిలబెడితే మొత్తం కథనే కొట్టిపారేయడానికి అవతలివాళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు.

1857 నాటి రివాల్వర్లలో చాలావాటికి తూటా లేదు. మొదట తెలుసుకోవలసింది ఇదే. అమెరికాలో కోల్ట్ 1836లో రివాల్వర్‌కు పేటెంటు పొందాడు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో కోల్ట్ రివాల్వర్, ఇంగ్లండుకు చెందిన ఆడమ్స్ రివాల్వర్ రెండూ ప్రదర్శించారు. 1856లో వచ్చిన బ్యూమాంట్ ఆడమ్స్ రకం మన దేశంలో తిరుగుబాటును అణచడానికి వచ్చిన దొరల నడుముల్లో ఉండేది. వీటన్నిటినీ నింపే తీరు మన భర్మార్‌ను నింపే తీరే. గుండ్రంగా తిరిగే దిమ్మలోని ఒక్కో గదిలో ముందునుంచి నల్లమందు పోయాలి, సీసం గుండు దించి కూరాలి, వెనక ఉన్న చిన్న ఇనుప మొనకు రాగి టోపీ తొడగాలి. ఘోడా దెబ్బకు టోపీ పేలి మందుకు నిప్పు అందిస్తుంది. కాబట్టి దిమ్మను వెనకనుంచి చూడండి. గదులు వెనక మూసుకుపోయి, ఒక్కోదానికి ఒక్కో మొన ఉంటే అది పాత పద్ధతి రివాల్వర్. అది రాంజీ కాలానిది అయ్యే వీలుంది, అంతవరకే. గదులు ఈ చివరనుంచి ఆ చివరకు తెరుచుకొని వెలుతురు కనబడితే అది తూటా వేసే రకం. పాత రకాన్ని తూటాకు మార్చినవి కూడా ఉన్నాయి, కానీ ఆ మార్పులు జరిగింది 1860ల చివరలో, రాంజీని ఉరితీసిన తరువాత.

గొట్టం ముందుకు వంగి మధ్యలో విరిచినట్టు తెరుచుకుంటే అది ఇంకా తరువాతిది. బ్రిటిష్ సైన్యం వెబ్లీ రివాల్వర్‌ను తీసుకున్నది 1887లో. దాని ఆరో రకం 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుమ వచ్చింది. ఈ వెబ్లీల తూటా పాయింట్ 455. బరువు ఎక్కువని దాన్ని తగ్గించి, పాయింట్ 38 తూటాతో ఎన్‌ఫీల్డ్ రెండో నంబరు రివాల్వర్‌ను 1932లో తెచ్చారు. 1938లో వచ్చిన దాని రకంలో ఘోడాకు బొటనవేలు ఆనించే కొన ఉండదు. అట్లాంటిది చూపించి 1860 అంటే, పదో తరగతి పిల్లవాడు కూడా లెక్క తప్పిందని పట్టేస్తాడు.

ఇక అక్షరాలు. కురిక్యాల గుట్ట మీద ఉన్నంత పెద్దవి కావు, భూతద్దం కావాలి. కాకి కాలు అచ్చులా మూడు గీతల బాణం గుర్తు ఉంటే అది బ్రిటిష్ సర్కారు సొత్తు. రెండు బాణాలు మొనకు మొన తగిలినట్టు ఉంటే సర్కారు దాన్ని సేవ నుంచి తీసి అమ్మేసింది. గుడ్డు ఆకారంలో గీత, దానిలో ఈ, ఎల్, జి అక్షరాలు ఉంటే బెల్జియంలోని లియేజ్ పట్టణంలో పరీక్ష చేసినది. మొదటి ప్రపంచ యుద్ధంలో చాలక బ్రిటన్ స్పెయిన్‌లో చేయించుకున్న పాయింట్ 455 రివాల్వర్లు కూడా ఉన్నాయి. చూడ్డానికి అవి వేరే కంపెనీవాటిలా ఉంటాయి, తూటా మాత్రం వెబ్లీదే. అందుకే ఆకారం చూసి పేరు పెట్టకూడదు, గుర్తు చూసి పెట్టాలి.

తూటా విషయంలో పేరు ఇంకా మోసం చేస్తుంది. పాయింట్ 38 అన్నవన్నీ ఒకటి కావు. ఎన్‌ఫీల్డ్ తూటా గుల్ల పొడవు సుమారు 20 మిల్లీమీటర్లు, పాయింట్ 38 స్పెషల్ అనేదానిది 29. లావులో కూడా వెంట్రుకవాసి తేడా. నల్లమందు కాలంలో చేసిన ఇనుము పొగరాని మందు బలానికి తట్టుకోక పగలొచ్చు. ఆ పగిలేది పట్టుకున్నవాడి చేతిలోనే. కొన్ని వెబ్లీల దిమ్మను వెనక అరగదీసి వేరే సైన్యపు పాయింట్ 45 తూటా పట్టేలా చేశారు. తూటా పట్టింది కదా అని పేల్చితే, ఆ బలం వెబ్లీ ఓర్చేదానికంటే ఎక్కువ. సరైన తూటా ఏదో తెలుసుకోవడం మనకు కాలం తేల్చడానికే, పేల్చడానికి కాదు. తూటాలు కొనడానికి పోవద్దు, ఎక్కడా అడగనే వద్దు. పాత భర్మార్ గొట్టంలో తాతల నాటి మందు ఇంకా కూరి ఉండవచ్చని కూడా మరవద్దు.

మరి 1932 తరువాతి రివాల్వర్ మన ఇంటికి ఎట్లా వచ్చింది? మాకు ఈ ప్రశ్నే రాంజీ కాలం కంటే విలువైనదిగా తోస్తుంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమును నిజాం పోలీసులు కాల్చి చంపారు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లతో కలిసి మన కరీంనగర్ బిడ్డ బద్దం ఎల్లారెడ్డి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహమ్మదాపురం గుట్టల్లో అనభేరి ప్రభాకరరావు, ఆయన దళం నేలకొరిగారు. అదే ఏడు సెప్టెంబరు 13 నుంచి అయిదు రోజుల్లో పోలీసు చర్య ముగిసింది. రజాకార్లు పారిపోయారు, దొరలు గడీలు విడిచి పట్నం పోయారు. అట్లాంటి రోజుల్లో ఆయుధాలు చేతులు మారతాయి. వేట దొరల వెంట హాకాకు పోయిన తాత ఉండవచ్చు, గడీ కావలి ఉన్న తాత ఉండవచ్చు, దళానికి అన్నం మోసిన అవ్వ ఉండవచ్చు. "రాంజీ కాలంది" అన్న ఒక్క మాట కింద ఈ కథ పూడిపోతుంది. పేరులేని మన తాత కథ ఎవరూ రాయలేదు. ఆ ఇనుము మీది సంవత్సరమే దానికి దారి చూపిస్తుంది.

చట్టం సంగతి యువకులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేని తుపాకి ఇంట్లో ఉండడమే నేరం, తాత ఇచ్చాడన్నది జవాబు కాదు. మరమ్మతు చేసినా పేల్చడానికి వీలుకాని పాత, పురాతన ఆయుధాలకు 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కానీ మనది అట్లాంటిదని మనకు మనమే తేల్చుకుంటే చెల్లదు. లైసెన్సు ఉన్న తాత చనిపోతే వారసులు ఆలస్యం చేయకుండా ఠాణాలో గానీ లైసెన్సున్న దుకాణంలో గానీ జమచేయాలి. వారసత్వంగా లైసెన్సు అడగవచ్చు, 2019 సవరణ తరువాత ఒక మనిషికి రెండింటికి మించి ఉండకూడదు. ఆదివాసి చేతిలో తుపాకి కనబడితే బయటివాళ్ల మనసులో ఏ మాట మెదులుతుందో మనకు చెప్పనక్కరలేదు. కనుక ఒంటరిగా చేతిలో పట్టుకొని బయలుదేరకండి. ముందు వకీలుతో మాట్లాడి, ఊరి పెద్దలను వెంటబెట్టుకొని ఠాణాకు కబురు చేసి, వాళ్లు చెప్పినట్టు అప్పగించండి. రాతపూర్వకంగా రసీదు తీసుకోండి, నంబరు, గుర్తులు రసీదులో రాయించండి.

ఇసుకపెట్టి తోమకండి, తుప్పుతో పాటు గుర్తులూ పోతాయి. అది పోయేలోగా ఇంట్లో పెద్దవ్వను కూర్చోబెట్టి అడగండి. అది వచ్చిన ఏడు పంట ఎట్లా ఉంది, అప్పటికి ఆమెకు పెళ్లయిందా, ఎవరు తెచ్చారు, పగలు తెచ్చారా రాత్రి తెచ్చారా. ఆమె మాటను ఆమె భాషలోనే, గోండి అయితే గోండిలో, కోలామి అయితే కోలామిలో రాసుకోండి.