రాయికి మన పేరు, మరి మ్యాపుల మన ఊరేది?



మొన్న చెన్నూరు హాస్టల్ల మేము నలుగురం ఒక్క ల్యాప్‌టాప్ ముందు కూర్చొని క్యూజీఐఎస్ నేర్చుకున్నం. గోదావరి, ప్రాణహిత, మందమర్రి, శ్రీరాంపూర్ ఒక్కొక్కటి మ్యాపు మీద పెట్టుకుంటూ పోతే ఈ చరిత్ర రాయాలనిపించింది.

1870ల మొదట్లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించిండు. ప్రాణహిత-గోదావరి లోయ మీద ఆయన నివేదిక 1881లో అచ్చయింది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వే హక్కులు దక్కినయ్. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడ్డది. ఆ దశాబ్దం చివర్లో తవ్వకం మన బెల్లంపల్లి దాకా వచ్చింది.

ఈ బొగ్గున్న రాళ్లకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు గోండ్వానా. అంటే గోండుల నేల. తర్వాత ఎడ్వర్డ్ సూస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఒకప్పటి మహాఖండానికే గోండ్వానాలాండ్ అని పేరు పెట్టిండు. ఆస్ట్రేలియా, ఆఫ్రికా పిల్లలు కూడా చదివే మాట అది.

అప్పుడు నడిచి గీసిన మ్యాపును ఇప్పుడు కంప్యూటర్ గీస్తది. బోరు వేసిన ప్రతి చోట అక్షాంశం, రేఖాంశం, ఎన్ని మీటర్ల లోతుల బొగ్గు తగిలింది, పొర ఎంత మందం అనేవి పట్టికల ఎక్కిస్తరు. రెండు బోర్ల నడుమ ఏమున్నదో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి చూపిస్తది. కృష్ణా-గోదావరి బేసిన్‌ల చమురు, గ్యాస్‌కు కూడా దాదాపు ఇదే దారి. అక్కడ భూమిలోకి తరంగాలు పంపి చేసే సర్వే కూడా కలుపుతరు.

కానీ ఒక మాట. జీఐఎస్‌ల లేయర్ పెట్టనిది లేనట్టే లెక్క. మేము తెరిచిన మ్యాపుల బొగ్గు లేయర్ ఉన్నది, రోడ్డు లేయర్ ఉన్నది. మాలో ఒకడి గూడెం మాత్రం పచ్చటి అడవి రంగుల కలిసిపోయింది. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

2006 అటవీ హక్కుల చట్టం నియమాల ప్రకారం పాత బావులు, శ్మశానాలు, దేవుళ్ల చోట్లు, పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యాలే. అందుకే ఈ సెలవులకు ఫోన్ పట్టుకొని వాడి ఊరికి పోతున్నం. చెట్ల కింద జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పుతది, కాబట్టి ఒక్కో చోట రెండు మూడు సార్లు పాయింట్ తీసుకోవాలె. ఏది ఎక్కడున్నదో వాడి అవ్వ ముందు నడిచి చూపిస్తనన్నది.

మన పేరు రాయికి ఎప్పుడో ఎక్కింది. ఊరును మ్యాపుల ఎక్కించుడు మన పని. మీ ఊళ్లె ఎవరు మొదలుపెడుతున్నరు?