ఏడున్నర విఘడియల చదరంగం

ఈసారి చదరంగం గురించి, అందులోనూ ఇంటర్నెట్‌లో ఆడే తొందర చదరంగం గురించి. చరిత్రే రాద్దామని కూర్చున్నాను కానీ మధ్యలో నా గొడవ కూడా వస్తుంది. కొంచెం ఓపిక పట్టండి.

ముందు కొన్ని మాటలు. పావును ఒకసారి కదపడాన్ని ‘ఎత్తు’ అంటారు. ‘ఎత్తుకు పైఎత్తు’ అని మీ ఇళ్ళలో వినే ఉంటారు, ఆ ఎత్తు ఇదే. బోర్డు మీద ఒక్కో చదరం ఒక ‘గడి’. చెక్‌మేట్‌ని ‘ఆటకట్టు’ అంటారు. ఇక ‘గడియారం’లో ఉన్న ‘గడియ’ మన పాత లెక్క. ఒక గడియ అంటే 24 నిమిషాలు. అందులో అరవయ్యో వంతు విఘడియ, అంటే 24 సెకన్లు. నేను ఆడే ఆటలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇస్తారు. అంటే ఏడున్నర విఘడియలు. మన ఎత్తులన్నీ ఆ లోపలే వేసుకోవాలి.

నేను పిట్స్‌బర్గ్‌లో ఉంటాను. ఆదివారాలు పెన్‌హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడి వంటింట్లో సాయం చేస్తాను. విజయవాడలో కాలేజీ రోజుల నుంచి చదరంగం ఆడుతున్నాను. ఇక్కడి టోర్నమెంట్లలో ఒకప్పుడు నా రేటింగ్ 2100 దాటింది. గ్రాండ్‌మాస్టర్ల ముందు అదేం పెద్ద సంగతి కాదు కానీ, క్లబ్బులో నన్ను తేలిగ్గా ఓడించేవాళ్ళు తక్కువే. అలాంటిది పోయిన శీతాకాలం ఒక ఆదివారం, భోజనాలయ్యాక, పద్నాలుగేళ్ళ కుర్రాడొకడు ఫోన్ తీసి "తాతగారూ, ఒక గేమ్ ఆడదామా?" అన్నాడు. చెరో ఫోన్‌లో మొదలుపెట్టాం. కాసేపటికి నాకు ఒక ఏనుగు ఎక్కువైంది. గెలుపు ఖాయం అనుకున్నాను. అంతలో నా టైము అయిపోయింది. "మీరే బాగా ఆడారు తాతగారూ, కానీ..." అని ఆపేశాడు, మర్యాదగల పిల్లాడు కనక. ఆ ‘కానీ’ ఇంటిదాకా నాతో కారులో వచ్చింది.

ఎందుకంటే, మా నాన్నగారు చివరి రోజుల్లో అన్నీ మరిచిపోయారు. ముందు పేర్లు, తర్వాత దారులు. అది మొదలైనప్పుడు ఆయనకి అరవై ఆరు. నాకిప్పుడు అరవై నాలుగు. ఆ శీతాకాలం టైము మీద ఓడిపోయిన ప్రతి ఆటా నాకు డాక్టరు రిపోర్టులాగా కనిపించింది. ఇంట్లో చెప్పలేదు. రాత్రుళ్ళు ఇంకా ఎక్కువ ఆడాను, ఇంకా ఎక్కువ ఓడాను. తర్వాత ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకోక చదవడం మొదలుపెట్టాను. అసలు ఈ ఆటలోకి గడియారం ఎలా వచ్చింది?

చాలా కాలం గడియారమే లేదు. 1851లో లండన్‌లో పెద్ద టోర్నమెంటు జరిగింది. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. ఎదుటివాడు నిదానంగా ఆడి విసిగించాడని స్టాంటన్ లాంటి పెద్ద ఆటగాడే ఫిర్యాదు చేశాడు. 1861లో ఆండర్సన్, కోలిష్ ఆడినప్పుడు ఇసుక గడియారాలు పెట్టారు. రెండు గంటల్లో 24 ఎత్తులు వేయాలి. 1883 లండన్ టోర్నమెంటుకి మాంచెస్టర్ మనిషి థామస్ బ్రైట్ విల్సన్ రెండు గడియారాలను ఒక పలక మీద త్రాసులాగా కలిపాడు. ఒకటి నడిస్తే రెండోది ఆగుతుంది. ఇప్పుడు మన ఫోన్‌లో ఉన్నదీ ఆ ఏర్పాటే, బొమ్మగా మారిందంతే. కాబట్టి మొదట గడియారం వచ్చింది తొందరపెట్టడానికి కాదు, సాగదీసేవాళ్ళ నుంచి ఎదుటివాణ్ణి కాపాడటానికి.

తొందర ఆట క్లబ్బుల్లో సరదాగా ఉండేది. న్యూయార్క్ క్లబ్బుల్లో పది సెకన్లకొకసారి గంట కొట్టేవాళ్ళు, గంట మోగగానే ఎత్తు వేయాలి. దాన్ని అందరూ గమనించేలా చేసింది మాత్రం 1970 ఏప్రిల్‌లో యుగోస్లావియాలో హెర్సెగ్ నోవి అనే ఊళ్ళో జరిగిన పోటీ అని నా అభిప్రాయం. పన్నెండు మంది, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. తాల్, కొర్చ్‌నోయ్, పెట్రోస్యాన్, స్మిస్లోవ్ లాంటి సోవియట్ మహామహులు ఉన్నారు. బాబీ ఫిషర్ 22 ఆటల్లో 19 పాయింట్లు కొట్టాడు. రెండో స్థానంలో ఉన్న తాల్‌కి పద్నాలుగున్నర. ఫిషర్‌ని ఓడించింది కొర్చ్‌నోయ్ ఒక్కడే. పోటీ అయ్యాక ఫిషర్ ఆ ఆటలన్నీ ఎత్తు తర్వాత ఎత్తు జ్ఞాపకంగా అప్పజెప్పాడని చెప్పుకుంటారు.

నన్ను ఆపేసిన మనిషి మాత్రం ఫిషర్ కాదు, ఫ్రీడ్రిష్ జేమిష్ అనే జర్మన్ గ్రాండ్‌మాస్టర్. 1969లో స్వీడన్‌లో లిన్‌షోపింగ్ ఊళ్ళో టోర్నమెంటు. ఆయనకి డెబ్బై దాటాయి. పదమూడు ఆటలాడాడు, పదమూడూ టైము అయిపోయే ఓడాడు. అది మూడు నిమిషాల ఆట కాదు, మామూలు నిదానమైన ఆట! విచిత్రం ఏమిటంటే, తొందర చదరంగంలో జేమిష్ గట్టివాడని పేరు. ఐదు నిమిషాలిస్తే ఆడగలిగిన మనిషి, గంటలిస్తే చాలక ఓడిపోయాడు. ఆ పేజీ రెండుసార్లు చదివాను. అంటే టైము అయిపోవడానికీ బుర్ర నెమ్మదించడానికీ నేననుకున్నంత చుట్టరికం లేదన్నమాట.

ఇక్కడి నుంచి కథ మా ఊరికి వస్తుంది. తొందర చదరంగం చరిత్రలో పిట్స్‌బర్గ్ ఇంత ఉందని, నలభై ఏళ్ళు ఇక్కడే ఉండి కూడా నేను కలిపి చూడలేదు.

కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో హాన్స్ బెర్లినర్ అనే ప్రొఫెసరుగారు ఉండేవారు. ఆయన ఉత్తరాల చదరంగంలో ప్రపంచ ఛాంపియన్, 1965లో మొదలైన పోటీ 1968లో తేలింది. పోస్టుకార్డు మీద ఒక ఎత్తు రాసి పంపడం, జవాబు కోసం ఎదురుచూడటం. చదరంగంలో అంతకంటే నిదానం ఇంకేదీ లేదు. ఆయనే అక్కడ హైటెక్ అనే చదరంగం కంప్యూటర్ కట్టారు. పక్కనే కొందరు విద్యార్థులు డీప్ థాట్ కట్టారు. అది 1988లో లార్సన్ అనే గ్రాండ్‌మాస్టర్‌ని ఓడించింది, ఆ దారిలోనే 1997లో కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ వచ్చింది. ఆ కంప్యూటర్ల కథ అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాను. (మన చిత్తూరు జిల్లా కాటూరు నుంచి వచ్చిన రాజ్ రెడ్డిగారు కూడా ఆ యూనివర్సిటీలోనే. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆయన మీద వేరే వ్యాసం రాయాలని ఉంది.)

1992లో ఇంటర్నెట్ చెస్ సర్వర్ అని ఒకటి మొదలైంది. డబ్బు లేదు, బొమ్మలు లేవు, తెర మీద అక్షరాలతో గీసిన బోర్డు. నేను ఇంట్లో మోడెమ్ పెట్టి ఆడేవాణ్ణి. మా ఆవిడ ఫోన్ ఎత్తితే లైను తెగి ఆట పోయేది. లైను తెగకపోయినా ఇంకో అన్యాయం ఉండేది. నేను రెండు సెకన్లలో ఎత్తు వేస్తాను, అది తీగల్లో ఈదుకుంటూ అక్కడికి చేరేసరికి ఎనిమిది సెకన్లవుతుంది. ఆ ఎనిమిదీ నా ఖాతాలోనే. కార్నెగీ మెలన్ ప్రొఫెసరు డానియల్ స్లీటర్ ఆ సర్వర్‌ని చేతిలోకి తీసుకుని దీనికి మందు కనిపెట్టారు. మన కంప్యూటర్‌లోనే ఒక చిన్న ప్రోగ్రాం ఉండి, మనం నిజంగా ఆలోచించిన సమయాన్ని ముద్ర వేసి పంపుతుంది. దారిలో పోయిన సమయం లెక్కలోకి రాదు. అది వచ్చాక కానీ దూరంగా ఉన్నవాళ్ళు ఒకటి రెండు నిమిషాల ఆట న్యాయంగా ఆడటం కుదరలేదు.

1995లో ఆయన దాన్ని కంపెనీ చేసి ఏడాదికి 49 డాలర్లు రుసుము పెట్టారు. ఉచితంగా పని చేసిపెట్టిన కొందరికి కోపం వచ్చి ఫ్రీ ఇంటర్నెట్ చెస్ సర్వర్ అని వేరే పెట్టుకున్నారు. నేను గుళ్ళో వలంటీరుని, రెండు పక్షాల బాధా నాకు అర్థమవుతుంది. కరెంటు బిల్లు ఎవరో కట్టాలి. అలాగని ఊరికే కలిపిన పులిహోరకి తర్వాత ధర చీటీ కడితే చేతులు చిన్నబుచ్చుకుంటాయి. నేను మాత్రం 49 డాలర్లు కట్టాను. ఇప్పుడు పిల్లలు ఆడే చెస్.కామ్ 2007లో, విరాళాల మీద నడిచే లీచెస్ 2010లో వచ్చాయి.

సరే, నా జబ్బు సంగతి. దానికి జవాబు కూడా అదే యూనివర్సిటీలో, 1973లోనే ఉంది. విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ అని ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. ఆట మధ్యలో ఉన్న బోర్డుని ఐదు సెకన్లు చూపించి మూసేసి, మళ్ళీ పేర్చమన్నారు. మాస్టరు సుమారు పదహారు పావులు సరిగ్గా పెట్టాడు, ఓ మాదిరి ఆటగాడు ఎనిమిది, కొత్తవాడు నాలుగు. తర్వాత పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లి చూపించారు. అప్పుడు మాస్టరూ కొత్తవాడూ ఒకటే అయ్యారు. అంటే మాస్టరు జ్ఞాపకశక్తి గొప్పది కాదు. ఆయన పావుల్ని విడివిడిగా చూడడు, గుంపులుగా చూస్తాడు. మనం తెలుగు చదవడం కూడా ఇంతే కదా! మొదట్లో ‘స్త్రీ’ అన్న అక్షరం దగ్గర సకారం, తకారం, రేఫ, దీర్ఘం అని కూడబలుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఒక్క చూపు.

అది చదివాక నా చివరి వంద ఓటములు తీసి కూర్చున్నాను. ప్రతి ఎత్తుకీ ఎన్ని సెకన్లు పట్టిందో లీచెస్ చూపిస్తుంది. టైము మీద ఓడినవి 46. అందులో 31 ఆటల్లో చివరికి నాదే పైచేయి, లేదా సమానం. మరి టైము ఎక్కడ పోయింది? చివర్లో కాదు. ఎనిమిదో ఎత్తుకీ పదిహేనో ఎత్తుకీ మధ్య. అక్కడ ఒకే ఎత్తు మీద 35, 40 సెకన్లు కూర్చున్నాను, ఒకటిన్నర విఘడియ! ఆ 31 ఆటలూ మళ్ళీ చూశాను. ఎక్కువసార్లు మొదటి ఐదు సెకన్లలో నా కంటికి తగిలిన ఎత్తునే, 40 సెకన్ల తర్వాత వేశాను. కన్ను పని చేస్తోంది. దాన్ని నమ్మడం లేదు, అంతే.

ఇది బాగా ఆడేవాళ్ళకే ఎక్కువ వచ్చే జబ్బు. కొత్తవాడికి అనుమానం రాదు. టోర్నమెంట్లలో నన్ను 2100కి చేర్చిందే ‘ఇంకోసారి సరిచూసుకో’ అన్న అలవాటు. ఏ అలవాటు వల్ల పైకొచ్చానో దాన్నే మూడు నిమిషాలసేపు పక్కన పెట్టాలి. ఇది పుస్తకంలో చదివితే సులువు, చేతికి రావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. రోజుకి ఐదే ఆటలు. ఆడాక ప్రతి ఆటలో అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించిన ఎత్తు ఒక్కటే చూడటం. ఆ స్థితి మళ్ళీ వస్తే ఏం వేయాలో తెలుగులో ఒక నోటుబుక్కులో రాసుకోవడం. (చేతిరాత కూడా బాగుపడింది.) పావు పోకుండా, రాజుకి ముప్పు లేకుండా ఉంటే చాలు, అది అన్నిటికంటే మంచి ఎత్తు కానక్కర్లేదు. ఎదుటివాడి టైములో నేను ఆలోచించడం.

ఇంకొకటి, దీనికి మళ్ళీ ఫిషర్‌కే దణ్ణం పెట్టాలి. 1988లో ఆయన ఒక గడియారానికి పేటెంట్ అడిగాడు, మరుసటి ఏడాది వచ్చింది. ఎత్తు వేసిన ప్రతిసారీ కొన్ని సెకన్లు తిరిగి కలుస్తాయి. ఇప్పుడు ప్రపంచ బ్లిట్జ్ పోటీల్లో మూడు నిమిషాలు, ఎత్తుకి రెండు సెకన్లు. నేనూ అందులోకి మారాను. గెలిచిన ఆటని గెలవనిస్తుంది. నా బ్లిట్జ్ రేటింగ్ 2050 దగ్గర ఇరుక్కుని ఉండేది, ఇప్పుడు 2160 చుట్టూ తిరుగుతోంది. అబద్ధం చెప్పను, ఒక్క నిమిషం ఆట మానేశాను. అక్కడ వేళ్ళ వయసు బయటపడుతుంది. కానీ 2017లో రియాద్‌లో ఆనంద్ ప్రపంచ ర్యాపిడ్ గెలిచింది 48 ఏళ్ళప్పుడు. 2024 డిసెంబరులో మన గుడివాడ అమ్మాయి హంపి న్యూయార్క్‌లో మొదటి రౌండ్ ఓడిపోయి, 11కి ఎనిమిదిన్నరతో మహిళల ర్యాపిడ్ టైటిల్ రెండోసారి గెలిచింది. అప్పుడు ఆమెకి 37. ఆ రాత్రి గుడి వంటింట్లో అందరికీ ఫోన్ చేసి విసిగించాను.

మా ఆవిడకి చివరికి చెప్పాను, నాన్నగారి సంగతి, నా భయం, అన్నీ. ఆవిడ నవ్వలేదు. "డాక్టరు దగ్గరికి వెళ్దాం, ఎందుకైనా మంచిది" అంది. వెళ్ళాం. పరీక్ష బాగానే వచ్చింది, ఏడాదికి మళ్ళీ రమ్మన్నారు. తిరిగొస్తుంటే కారులో "పోయిన ఆదివారం మూడు వందల మందికి దద్ధ్యోజనంలో ఉప్పు లెక్క కట్టింది ఎవరండీ?" అంది.

ఆ కుర్రాడితో మళ్ళీ ఆడాను, ఈసారి రెండు సెకన్లు కలిసే ఆట. వాళ్ళ అమ్మమ్మగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు, పక్కన కూర్చుని "అన్నయ్యగారూ, వాణ్ణి కొంచెం చూసి ఆడండి" అన్నారు. నవ్వొచ్చింది, రెండు సెకన్లు పోయాయి. అరవై ఎత్తులయ్యాక డ్రా అయింది. వాడి దగ్గర నలభై సెకన్లు మిగిలాయి, నా దగ్గర తొమ్మిది.