మందిర్ హసౌద్ నుంచి విజయనగరం దాకా: ఎంగిలాకుల చరిత్ర

రాయపూర్‌కు తూర్పున, ఆరంగ్ మీదుగా ఒడిశా వైపు సాగే 53వ నెంబరు జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న మందిర్ హసౌద్‌కు తెలుగు నేలతో చుట్టరికం రైలు పట్టాల వల్ల బలపడింది. బెంగాల్ నాగపూర్ రైల్వే 1909 నాటికే విజయనగరం నుంచి పార్వతీపురం దాకా వేసిన దారిని రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్‌ల మీదుగా పొడిగించి 1931లో రాయపూర్‌కు చేర్చగా, మధ్య పరగణాల సరుకును 1933లో తెరిచిన విశాఖ రేవుకు అందించే ఆ దారిలో, రాయపూర్ దాటాక వచ్చే తొలి స్టేషన్లలో మందిర్ హసౌద్ ఒకటయింది. పట్టాలు పడక ముందు నుంచీ ఈ రెండు కొసలనూ కలిపి ఉంచినది అడవి. ఆవు గిట్టలా రెండుగా చీలిన పెద్ద ఆకులతో చెట్లపైకి ఎగబాకే కాంచన జాతి తీగను పార్వతీపురం ఏజెన్సీలో అడ్డతీగ అనీ, ఒడిశాలో సియాళి అనీ, ఛత్తీస్‌గఢ్‌లో మాహుల్ అనీ పిలుస్తారు. పేర్లు మూడైనా ఆ ఆకు పని ఒక్కటే, విందులో విస్తరి కావడం.

పర్యావరణానికి హాని తక్కువగా సభలు, ఉత్సవాలు జరపడం ఈనాటి భావనగా చెలామణీ అవుతున్నప్పటికీ, అందులో వాడే వస్తువులు చాలావరకు ఈ నేలకు పాతవే. అడ్డాకునో మోదుగాకునో కోసి, కట్టలు కట్టి, ఆరబెట్టి, సన్నని వెదురు పుల్లలతో కుట్టిన విస్తరాకులు నెలల తరబడి నిలువ ఉండేవి. వడ్డనకు ముందు నీళ్ళు చల్లితే తిరిగి మెత్తబడేవి. మోదుగను పరసా అనే ఛత్తీస్‌గఢీ పల్లెల్లో ఇవే దోనా-పతరీ, అంటే దొన్నె, విస్తరి. పెళ్ళికి తెలుగువారు తాటాకులతో, కొబ్బరాకులతో పందిరి వేస్తే, అక్కడివారు వెదురు గుంజలు పాతి పచ్చి కొమ్మలు కప్పి మడ్వా కట్టేవారు. గుండిగలు, గంగాళాలు ఇంటింటా ఉండేవి కావు గనుక గుడి నుంచో కులపెద్దల నుంచో అడిగి తెచ్చుకుని, పని తీరాక తోమి తిరిగి ఇచ్చేవారు. భోజనాలు ముగిశాక ఎంగిలాకులు కొన్ని పశువుల నోటికి, మిగిలినవి పెంటకుప్పకు చేరి, మరుసటి ఏటికి పొలంలో ఎరువుగా కలిసిపోయేవి.

అంతమాత్రాన పూర్వులను ప్రకృతి ప్రేమికులుగా కీర్తించడం చరిత్రకు న్యాయం కాదు. ఒకరు తిన్న పళ్ళెంలో మరొకరు తినరాదన్న ఎంగిలి పట్టింపు, ఎవరు ముట్టినది ఎవరు తినవచ్చునన్న కుల నియమం, తిన్న వెంటనే పారవేసే పాత్రను అనివార్యం చేశాయి. అటువంటి పాత్ర అడవిలో చవకగా దొరికింది. ఆకు కుట్టిన ఆడవారి శ్రమకు దక్కిన వెల స్వల్పమే కాగా, ఎంగిలాకులు ఎత్తే పని సమాజం అట్టడుగున ఉంచినవారి నెత్తిన పడింది. మూరెడు లోతు కందకం తవ్వి కట్టెలు పేర్చి వండే గాడిపొయ్యి సైతం పొగ లేనిది కాదు, అడవిని మిగిల్చినదీ కాదు. చెత్త కనిపించకపోవడానికి దానిని మోసుకుపోయే మనిషి కనిపించకపోవడం కూడా ఒక కారణమని గుర్తించినప్పుడే ఈ చరిత్ర సమగ్రమవుతుంది.

ఈ సంగతి బహిరంగ సభల నిర్వహణలో ఒక సమస్యగా బయటపడింది జాతీయ కాంగ్రెస్ మహాసభల్లో. 1901 కలకత్తా సభలో మరుగుదొడ్ల దుస్థితి చూసి, అది పాకీవారి పని అని వాలంటీర్లు తప్పుకోగా, తానే చీపురు పట్టినట్లు గాంధీ ఆత్మకథలో రాశారు. మూడున్నర దశాబ్దాల తరువాత, 1936 డిసెంబరులో ఖాందేశ్‌లోని ఫైజ్‌పూర్‌లో తొలిసారి పల్లెలో మహాసభ జరిగినప్పుడు, చుట్టుపక్కల దొరికే వస్తువులతోనే సభానగరం కట్టాలన్న ఆయన కోరిక మేరకు నందలాల్ బోస్ వెదురు వంటి గ్రామీణ సామగ్రితో దానిని అలంకరించారు. 1938లో హరిపురాలో అదే బాట సాగింది. 1939లో రాయపూర్ కూడా భాగమైన మధ్య పరగణాల్లోనే, జబల్‌పూర్ చేరువలోని త్రిపురి గ్రామం మహాసభకు వేదికయింది. ఉన్న వనరులతో సభ జరపడం కేవలం పొదుపు కాదనీ, శుచిని కులం నుంచి వేరుచేసే ప్రయత్నంతో అది ముడిపడినదనీ ఆ సభలు చూపాయి. నేటి పచ్చదనపు మార్గదర్శకాల్లో ఈ రెండో అంశం అరుదుగా కనిపిస్తుంది.

ప్లాస్టిక్ గ్లాసు, థర్మోకోల్ పళ్ళెం రంగంలోకి వచ్చాక పాత ఏర్పాటు చెదిరిపోవడానికి ఒక తరం చాలింది. పారవేసే అలవాటు యథాతథంగా మిగిలింది, పారవేసే వస్తువు మాత్రం మారింది. పశువు తినరానిదీ పెంటలో మాగనిదీ అయిన ఆ వస్తువును ఊరు మునుపటిలాగే ఊరవతల విసిరింది.

సరిదిద్దే ప్రయత్నం రెండు దిక్కుల నుంచి వచ్చింది. ఒకటి అంతర్జాతీయ ప్రమాణాల దిక్కు: సభల సుస్థిర నిర్వహణపై బ్రిటన్ 2007లో రూపొందించిన జాతీయ ప్రమాణం ఆధారంగా, లండన్ ఒలింపిక్స్ వేళ, 2012లో ఐఎస్‌ఓ 20121 వెలువడింది. సుస్థిర నిర్వహణ అంటే సభకు ముందే నీరు, విద్యుత్తు, వ్యర్థాలు, ప్రయాణాలు, పనివారి క్షేమం లెక్కగట్టి, సభ ముగిశాక ఆ లెక్కను సరిచూసుకోవడమని దాని సారాంశం. రెండో దిక్కు నేలకు మరింత దగ్గరైనది, మరింత ఆసక్తికరమైనది. సిద్దిపేట ప్రాంతంలో మహిళా సంఘాలు నడిపే స్టీల్ బ్యాంకు, అంటే శుభకార్యాలకు స్టీలు పళ్ళేలు, గ్లాసులు అద్దెకిచ్చే సామూహిక భాండాగారం, గుడి గంగాళాల పద్ధతికి వారసురాలే. కాకపోతే ఇక్కడ ఎవరి ఎంగిలి పళ్ళెమైనా కడిగితే శుభ్రమే. ఛత్తీస్‌గఢ్ ఉత్తరాన అంబికాపూర్‌లో ఇంటింటి చెత్తను మహిళా సంఘాలే సేకరించి వేరుచేయగా, 2019లో అక్కడ కిలో ప్లాస్టిక్ తెచ్చినవారికి భోజనం పెట్టే హోటలు తెరిచారు.

2022 జూలై 1 నుంచి దేశమంతటా అమలైన నిషేధం ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలతో పాటు అలంకరణ థర్మోకోల్‌ను, 100 మైక్రాన్లకన్నా పలుచని పీవీసీ బ్యానర్లను కూడా కలుపుకోవడంతో, సభల నిర్వహణ నేరుగా చట్టం పరిధిలోకి వచ్చింది. అప్పటికి మందిర్ హసౌద్ పొరుగు పొలాల్లో కొత్త రాజధాని నవా రాయపూర్ లేచింది. పరసా చెట్టును తలపించే పేరున్న పర్సదా గ్రామంలోని క్రికెట్ మైదానంలో 2023 జనవరి 21న తొలి అంతర్జాతీయ వన్డే జరిగింది. ఆ సెప్టెంబరులో జీ20 కార్యవర్గ సమావేశం నవా రాయపూర్‌కు వచ్చింది. ఇటువంటి సందర్భాల్లో అందరి కంటా పడేది పళ్ళెమే అయినా, దూరాల నుంచి అతిథులు వచ్చే సమావేశాల కర్బన లెక్కలో సాధారణంగా పెద్ద వాటా ప్రయాణాలది.

ఆ లెక్కలో మందిర్ హసౌద్ స్థానం చిన్నది కాదు. 1900లో వేసిన నారో గేజి బండిపై రాయపూర్ నుంచి అభన్‌పూర్ మీదుగా రాజిమ్ మాఘ పున్నమి జాతరకు వెళ్ళే వీలు ఒకప్పుడు ఉండేది; రాయపూర్, కేంద్రీల మధ్య ఆ చిన్న పట్టాలను తొలగించి వాటి జాడ మీదే మోటారు వాహనాలకు వేగమార్గం వేశారు. పాత దారి అలా మూసుకుపోవడంతో కొత్త బ్రాడ్ గేజి మందిర్ హసౌద్ దగ్గర విజయనగరం మార్గం నుంచి చీలి, నవా రాయపూర్ మీదుగా కేంద్రీకి చేరింది. 2025 మార్చి 30న ఆ దారిలో రాయపూర్–అభన్‌పూర్ మెము రైలు మొదలైంది.