బ్యాక్‌పోర్టింగ్, వెబ్ సర్వర్ భద్రతా స్కాన్

బ్యాక్‌పోర్టింగ్ అంటే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లోని భద్రతా సవరణను, వెర్షన్ సంఖ్య మార్చకుండా, పాత వెర్షన్‌లోనే చేర్చే పద్ధతి. రెడ్ హ్యాట్, డెబియన్ వంటి లినక్స్ పంపిణీలు దీన్ని అనుసరిస్తాయి. కొత్త వెర్షన్‌తో వచ్చే ఇతర మార్పులు నడుస్తున్న అప్లికేషన్లను చెడగొట్టకూడదన్నది ఉద్దేశం. 2014 జూన్‌లో వెలువడిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7లో అపాచీ వెబ్ సర్వర్ వెర్షన్ సంఖ్య 2.4.6; 2024 జూన్ 30న నిర్వహణ గడువు ముగిసేదాకా అదే కొనసాగింది.

స్కాన్ ఫలితాల్లో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. లాగిన్ లేకుండా బయటి నుంచి పరీక్షించే స్కానర్ చాలావరకు సర్వర్ ప్రకటించుకునే వెర్షన్‌నే నమ్మి, ఆ తర్వాత బయటపడిన లోపాలన్నిటినీ నివేదికలో చేరుస్తుంది. వీటిలో ఎప్పుడో సరిదిద్దినవీ ఉంటాయి. వెర్షన్ కనబడకుండా దాచితే నివేదిక చిన్నదవుతుంది కానీ లోపం పోదు.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో 2014 ఏప్రిల్ 7న వెల్లడైన హార్ట్‌బ్లీడ్ లోపం (సీవీఈ-2014-0160) బ్యాక్‌పోర్టింగ్‌కు ప్రసిద్ధ ఉదాహరణ. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బృందం 1.0.1జి వెర్షన్‌లో దాన్ని సవరించగా, రెడ్ హ్యాట్ 1.0.1ఈ సంఖ్యనే ఉంచి ప్యాకేజీ విడుదల సంఖ్యను మాత్రం పెంచింది. అయితే ప్యాకేజీ మారినా, సేవను పునఃప్రారంభించేదాకా మెమరీలో పాత లైబ్రరీయే నడుస్తుంది. అలాంటప్పుడు స్కానర్ హెచ్చరిక నిజమే.

నిర్ధారణకు, లోపాన్ని గుర్తించే సీవీఈ సంఖ్యను ప్యాకేజీ మార్పుల చిట్టాతో, పంపిణీదారు భద్రతా ప్రకటనతో పోల్చుతారు. సర్వర్‌లోకి లాగిన్ అయి చేసే స్కాన్ ప్యాకేజీ పూర్తి సంఖ్యను చదువుతుంది కనుక తప్పుడు హెచ్చరికలు తగ్గుతాయి. పంపిణీ ద్వారా కాకుండా విడిగా స్థాపించిన సాఫ్ట్‌వేర్‌కు ఈ బ్యాక్‌పోర్టింగ్ వివరణ వర్తించదు.