అరవై సిస్టమ్‌లకు ఒకే ప్యాకేజీ

సాయంత్రం నాలుగున్నర. మాచర్ల, గురజాల, వినుకొండ బోర్డులున్న కాలేజీ బస్సులు ఒక్కొక్కటే గేటు దాటుతున్నాయి. ఏప్రిల్ ఎండకు కాగిన మెట్లెక్కి, చెప్పులు బయట విడిచి, రెండో అంతస్తులోని కంప్యూటర్ ల్యాబ్ తలుపు తోయండి. ఏసీ చల్లగాలి ముఖానికి తగులుతుంది. దాని వెనకే సీపీయూ ఫ్యాన్ల హోరు. ఊరు నరసరావుపేట. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లాకు కేంద్రమైన ఊరు. చుట్టుపక్కల మండలాల నుంచి ఇంజినీరింగ్ చదువుకు పిల్లలు రోజూ ఇక్కడికే వస్తారు. వాళ్లలో చాలామంది చేతులు పెట్టగల కంప్యూటర్ ఈ ల్యాబ్‌లో ఉన్నదే.

రేపు పొద్దున తొమ్మిదిన్నరకు పైథాన్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్ పరీక్ష. ఎగ్జామినర్ వేరే కాలేజీ నుంచి వస్తారు. ఏ ప్రశ్న పడుతుందో, ఏ సిస్టమ్ ముందు కూర్చోవాలో విద్యార్థి చేతిలో ఉండదు. పదిహేడో నంబర్ సిస్టమ్‌లో పాండాస్ లైబ్రరీ ఉండి, ఇరవై మూడులో లేకపోతే ప్రోగ్రామ్ సరిగ్గా రాసిన పిల్లకు కూడా ఎర్రక్షరాల్లో ఎర్రరే వస్తుంది. అందుకే ఈ సాయంత్రం పని.

మొదటి వరసలో కూర్చున్న ఆయన ల్యాబ్ ప్రోగ్రామర్. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్న అమ్మాయి కొత్తగా చేరిన ల్యాబ్ అసిస్టెంట్. వాళ్ల వెనక నిలబడి స్క్రీన్ చూడండి.

అన్ని సిస్టమ్‌లలోనూ ఉబుంటు 24.04 ఉంది. దీనికి మూలం 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ ప్రకటించిన డెబియన్. అందులో ఏ సాఫ్ట్‌వేరైనా 'డెబ్' ప్యాకేజీగా వస్తుంది. ప్యాకేజీని విప్పి అమర్చేది డీపీకేజీ. దానికి కావలసినవన్నీ వెతికి తెచ్చేది ఆప్ట్. పైథాన్ లైబ్రరీలను పిప్‌తో నేరుగా సిస్టమ్‌లోకి దించబోతే ఈ వెర్షన్ ఒప్పుకోదు. ఈ పైథాన్‌ను ఆపరేటింగ్ సిస్టమే చూసుకుంటోందని చెప్పి ఆగిపోతుంది. అడ్డును బలవంతంగా దాటే దారి ఉంది. ఆ దారిలో వెళితే ఒక్కో సిస్టమ్‌లో ఒక్కో వెర్షన్ చేరుతుంది, ఎక్కడ ఏముందో ఎవరికీ తెలియదు. ప్రోగ్రామర్ ఆ దారి పట్టలేదు. ల్యాబ్ కోసం సొంత ప్యాకేజీ కట్టిస్తున్నారు.

అమ్మాయి ఒక ఫోల్డర్ తెరిచింది. లోపల పెద్ద అక్షరాలతో డెబియన్ అనే మరో ఫోల్డర్, అందులో కంట్రోల్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు. ప్యాకేజీ పేరు, వెర్షన్, ఆర్కిటెక్చర్, బాధ్యుడి పేరు, వివరణ, అన్నీ కలిపి పది వరసలు లేవు. వాటిలో 'డిపెండ్స్' అన్న వరస మీద వేలు పెట్టి చూపిస్తున్నారు ఆయన. పెళ్ళికి వంటమాస్టరు రాసిచ్చే సామాను చీటీ లాంటిది ఇది. చీటీలో ఉన్నవన్నీ వచ్చి చేరేదాకా పొయ్యి వెలగదు. నమ్‌పై, పాండాస్, మ్యాట్‌ప్లాట్‌లిబ్, సైకిట్-లెర్న్, రాసుకోవడానికి థోనీ ఎడిటర్. వాటి కింద తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసిన పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు డెబియన్‌లోనే ప్యాకేజీగా దొరుకుతాయి. వాటి పేరు కూడా ఈ వరసలో చేరిస్తే చాలు, ఏ సిస్టమ్‌లో తెలుగు నోటీసు తెరిచినా అక్షరాల బదులు డబ్బాలు కనపడవు.

ఇక పోస్ట్‌ఇన్‌స్ట్. ఫైళ్లన్నీ విప్పాక నడిచే స్క్రిప్టు అది. కాలేజీ ఇంటర్నెట్‌కు ప్రాక్సీ ఉంది. ఆ చిరునామాను సిస్టమ్ సెట్టింగుల ఫైలు చివర ఒక వరసగా అతికించేలా రాసింది అమ్మాయి. ఆయన కళ్లు అక్కడే ఆగాయి.

"ఇది రెండోసారి నడిస్తే ఏమవుద్దమ్మా?"

"ఇంకో వరస పడుద్ది సార్."

"మధ్యలో కరెంటు పోయి వస్తే రెండోసారి నడవాల్సిందే కదా. వెర్షన్ పెంచిన ప్రతిసారీ కూడా నడుస్తది."

ఆమె ఆ వరస తీసేసింది. ప్రాక్సీ చిరునామాను విడిగా ఒక చిన్న ఫైలులో పెట్టి, లాగిన్ అయినప్పుడల్లా చదివే ప్రొఫైల్-డీ ఫోల్డర్‌లోకి ఆ ఫైలు నేరుగా వెళ్లేలా ప్యాకేజీలోనే చేర్చింది. ఇప్పుడు ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఫలితం ఒక్కటే. ప్యాకేజీ తీసేసేటప్పుడు ఆ ఫైలును పూర్తిగా తుడిచేయడమూ తేలికే. ఇంకొకరి ఫైలులో వేలు పెట్టకుండా మన ఫైలు మనం తెచ్చుకోవడం ఈ పనిలో మొదటి మర్యాద.

అలాంటి సెట్టింగుల ఫైళ్ల పేర్లను కాన్ఫ్‌ఫైల్స్ జాబితాలోనూ రాశారు. జాబితాలో లేకపోతే, ఒక సిస్టమ్‌లో అవసరం కొద్దీ చేసిన మార్పును కొత్త వెర్షన్ చడీచప్పుడు లేకుండా చెరిపేస్తుంది. జాబితాలో ఉంటే, రెండువైపులా మార్పు జరిగినప్పుడు ఏది ఉంచమంటారని డీపీకేజీ అడుగుతుంది. ఒక్క సిస్టమ్ అయితే జవాబు చెప్పొచ్చు. అరవై సిస్టమ్‌లు ఒకేసారి అడిగితే వినేవాళ్లెవరు? అందుకే, ఏమీ అడగకుండా పాత ఫైలునే ఉంచమని ఇన్‌స్టాల్ ఆజ్ఞలోనే ముందుగా చెప్పి పెట్టారు.

ఈ ప్యాకేజీ వెర్షన్ 1.9 నుంచి 1.10కి మారింది. మామూలు దశాంశ లెక్కలో 1.10 చిన్నది. డీపీకేజీ లెక్కలో పది తొమ్మిది కంటే పెద్దది. ఆ లెక్క ప్రకారమే ఏది కొత్తదో ఆప్ట్ తేల్చుకుంటుంది. ప్యాకేజీ కట్టేటప్పుడు ఫైళ్ల యజమాని రూట్, అంటే సిస్టమ్ అడ్మిన్, అని చెప్పే ఆప్షన్ కూడా పెట్టింది అమ్మాయి. అది మరిస్తే ఆమె సొంత లాగిన్ నంబరే యజమానిగా అన్ని సిస్టమ్‌లకూ వెళుతుంది. తర్వాత లింటియన్ నడిపింది. ప్యాకేజీలో లోపాలు వెతికే ఉపకరణం అది. రెండు హెచ్చరికలు ఇచ్చింది. రెండూ చదివి సరిచేశాకే ముందుకు కదిలారు.

ప్యాకేజీ ఇప్పుడు మూలనున్న సర్వర్‌లోని రిపాజిటరీలోకి చేరింది. రిపాజిటరీ జాబితా మీద జీపీజీ తాళంచెవితో సంతకం పడింది. ఆ సంతకం సరిపోకపోతే ఏ సిస్టమూ దాన్ని ముట్టదు. పాండాస్ లాంటి పెద్ద ప్యాకేజీలు ఇంటర్నెట్ నుంచి ఒక్కసారే ఈ సర్వర్‌కు వస్తాయి. సిస్టమ్‌లన్నీ ఇక్కడి నుంచే తీసుకుంటాయి. కాలేజీ నెట్ ఎంత నెమ్మదిగా ఉన్నా ల్యాబ్ లోపలి లాన్ పరుగెడుతుంది.

ముందు మూడు సిస్టమ్‌లకే పంపారు. ఆయన మూడింటిలోనూ విద్యార్థి లాగిన్‌తోనే కూర్చున్నారు. రూట్‌కు తెరుచుకునే ప్రతి ఫైలూ విద్యార్థికి తెరుచుకోదు కాబట్టి, రూట్‌గా చూసిన పరీక్షకు విలువ లేదు. సీఎస్‌వీ ఫైలు చదివి గ్రాఫ్ గీసే చిన్న ప్రోగ్రామ్ నడిపారు. మూడింటిలోనూ గ్రాఫ్ వచ్చింది.

ఒక చోట నుంచే అన్ని సిస్టమ్‌లనూ నడిపించే యాన్సిబుల్ ఆజ్ఞ మిగతా అన్నింటికీ వెళ్లింది. స్క్రీన్ మీద పేర్లు వరసగా పచ్చబడుతున్నాయి. సగం దాటాయో లేదో, ట్యూబ్‌లైట్లు ఆరిపోయాయి. యూపీఎస్‌లు కీచుమన్నాయి. పాత బ్యాటరీలున్న వరస మొత్తం ఒకేసారి నల్లబడింది. ఏసీ ఆగింది. ఇప్పుడు మీకు వినపడేది వెనక ఆవరణలో జనరేటర్ అందుకునే చప్పుడు.

"సగంలో ఆగినయ్యి సార్," అంది ఆమె గొంతు తగ్గించి.

"ఏం కాదులేమ్మా. ఎక్కడ ఆగిందో అదే రాసిపెట్టుకుంటది."

అది ఊరడింపు మాట కాదు. డీపీకేజీ కొత్త ఫైలును ముందు వేరే పేరుతో విప్పుతుంది, ఆ తర్వాతే పాతదాని స్థానంలోకి మారుస్తుంది. ఏ ప్యాకేజీ ఏ దశలో ఉందో స్టేటస్ ఫైలులో నమోదు చేస్తుంది. లైట్లు వచ్చాయి, సిస్టమ్‌లు లేచాయి. ఆయన అన్నింటికీ ఒకే ఆజ్ఞ పంపారు: సగంలో ఉన్నవన్నీ కాన్ఫిగర్ చెయ్యి. ఆగిన చోట పోస్ట్‌ఇన్‌స్ట్ మళ్లీ నడిచింది. మిగిలినవాటికి ఇన్‌స్టాల్ ఆజ్ఞ మళ్లీ వెళ్లింది. అమ్మాయి ఒక సిస్టమ్ దగ్గరికి వెళ్లి ప్రాక్సీ ఫైలు తెరిచింది. ఒక్కటే వరస.

చివరగా వెర్షన్ల పట్టిక. ప్రతి వరసలో ఒక సిస్టమ్, దాని పక్కన 1.10. ఒక్కటి మాత్రం పలకలేదు. ఆమె వంగి బల్ల కింద వదులైన లాన్ కేబుల్ బిగించింది. కాసేపటికి ఆ వరసా నిండింది. ప్యాకేజీ ఫోల్డర్ మొత్తాన్నీ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో భద్రపరిచి, ఏం మార్చారో, ఎందుకు మార్చారో రెండు వాక్యాల్లో తెలుగులోనే రాశారు.

తెలుగు నేల మీద ఈ తరహా పనికి పాత పరిచయమే ఉంది. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగానే తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది. అందులో ఇంజినీరింగ్ విద్యార్థులు పాలుపంచుకున్నారు.  ఈ సాయంత్రం ఈ ల్యాబ్‌లో వాడిన సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితంగా దొరుకుతాయి.

పల్నాడులోనే కాదు, ఏ ఊరి కాలేజీలోనైనా ల్యాబ్ చూసుకుంటున్న వారికి ఒక మనవి. సిస్టమ్‌కు సిస్టమ్ తిరిగి చేత్తో ఇన్‌స్టాల్ చేసే పని మీకు బాగా వచ్చే ఉంటుంది. కానీ ఆ పద్ధతి మీ చేతుల్లోనే ఉండిపోతే, మీరు బదిలీ అయిన రోజున ల్యాబ్ దిక్కులేనిదవుతుంది. దాన్ని ప్యాకేజీగా రాయండి. ముందు మూడు సిస్టమ్‌లలో, విద్యార్థి లాగిన్‌తో పరీక్షించండి. రెండోసారి నడిపినా చెడని స్క్రిప్టునే పంపండి. కంట్రోల్ ఫైలులో బాధ్యుడిగా మీ పేరు పెట్టండి. పరీక్ష రోజున ఏ కుర్చీలో కూర్చున్న విద్యార్థికైనా ఒకే న్యాయం జరగాలంటే, దాని ఏర్పాటు ముందు రోజే జరిగి ఉండాలి.