కొండాపూర్ పౌరుడూ, స్థానిక స్వపరిపాలనా

హైదరాబాదు నగరపాలక ఎన్నికలు ముగిసిన ప్రతిసారీ ఒకే విమర్శ వినవస్తుంది: చదువుకున్నవారు ఓటు వెయ్యరు, వారికి పౌరధర్మం పట్టదు. ఈ నేరారోపణకు ఉదాహరణగా కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలను చూపించడం పరిపాటి అయిపోయింది. అంకెలు కూడా ఈ వాదానికి అనుకూలంగానే కనిపిస్తాయి. మహానగరపాలక సంస్థకు 2009లో జరిగిన ఎన్నికలలో సుమారు 42 శాతం, 2016లో 45 శాతం, 2020లో 46 శాతానికి కొంచెం పైగా మాత్రమే ఓట్లు పోలయ్యాయి. ఇదే తెలంగాణలో 2019 జనవరిలో జరిగిన గ్రామ పంచాయతీ ఎన్నికలలో మూడు విడతలలోనూ 85 శాతం దాటింది. పల్లెలో బారులు తీరి ఓటు వేసిన మనిషే పట్నానికి రాగానే ఎందుకు చల్లబడిపోతున్నాడు? ఉదాసీనత అతని స్వభావమా, లేక పరిస్థితుల ఫలితమా? దీనికి నీతిబోధ సమాధానం కాదు. చరిత్రను అడగాలి.

తెలంగాణ ప్రజలు స్థానిక పాలనలో పాల్గొనడం ఎవరో ప్రోత్సహిస్తే నేర్చుకున్నది కాదు. 1946-51 నాటి సాయుధ పోరాటంలో సుమారు మూడువేల గ్రామాలలో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయనీ, పది లక్షల ఎకరాల భూమిని పంచారనీ పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆ గ్రామ కమిటీల ముందుకు వచ్చిన విషయాలేమిటి? దొర ఆక్రమించిన భూమి ఎవరికి చెందాలి, వెట్టి ఎలా పోవాలి, కూలి ఎంత ఉండాలి అన్నవే. అక్షరం రాని రైతుకూలీ ఆ సభలో వచ్చి కూర్చున్నాడంటే, అక్కడ జరిగే నిర్ణయం రేపు తన బతుకులో అమలవుతుందని అతనికి తెలుసు కనుకనే. ఆనాటి యుద్ధ పరిస్థితులను తిరిగి తెచ్చుకోమని నేను చెప్పడం లేదు. అధికారం ఉన్నచోటికే జనం వస్తారన్న సత్యాన్ని గ్రహించమంటున్నాను.

1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. పైనుంచి దిగివచ్చిన ఈ వికేంద్రీకరణ గ్రామంలోని భూసంబంధాలను ముట్టుకోలేదు. అందుచేత చాలాచోట్ల సమితుల పెత్తనం భూమి ఉన్నవారి చేతికే పోయింది. కనుక అధికారం ఇవ్వడం ఒక్కటే చాలదు. అది ఎవరి చేతికి పోతున్నదన్నది రెండవ ప్రశ్న.

కొండాపూర్ విషయంలో మొదటి ప్రశ్నే ఇంకా తేలలేదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2001లో 17 గ్రామాలను, 52 చదరపు కిలోమీటర్లను కలిపి సైబరాబాద్ అభివృద్ధి సంస్థను నెలకొల్పారు. ఇక్కడ భూమి స్వరూపాన్ని నిర్ణయించే అధికారం ఓటరు ఎన్నుకోని ఆ సంస్థకు, 2008 తరువాత దానిని కలుపుకున్న మహానగరాభివృద్ధి సంస్థకు సంక్రమించింది. మంచినీరు, మురుగునీరు 1989లో ఏర్పడిన జలమండలి చేతిలో ఉన్నాయి. ఐటీ లేఅవుట్లలో ఆస్తిపన్ను వసూలును పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు అప్పగించి, అందులో 35 శాతం మాత్రం స్థానిక సంస్థకు ముట్టే ఏర్పాటు చేశారు. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లితో సహా 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు మహానగరంలో విలీనమయ్యాయి. ఎన్నికైన సభ మాత్రం 2009 చివరిదాకా రాలేదు. భూమి ఒకరిది, నీరు మరొకరిది, పన్ను ఇంకొకరిది అయిన తరువాత కార్పొరేటరు చేతిలో మిగిలిందేమిటి?

రాజ్యాంగం 74వ సవరణ మూడు లక్షలు దాటిన పట్టణాలకు వార్డు కమిటీలు ఉండాలన్నది. 2008లో మన రాష్ట్ర చట్టం ఏరియా సభలను కూడా చేర్చింది. కాని వాటి ప్రతినిధులను ప్రజలు ఎన్నుకోవడం కాక, పైవారు నియమించే పద్ధతి పెట్టారు. సలహా చెప్పే హక్కే గాని నిధులపై అదుపు లేదు. ఈ శూన్యాన్ని అపార్టుమెంటు యజమానుల సంఘాలు నింపుతున్నాయి. అద్దెకున్న ఉద్యోగికి, ఆ ఇంట్లో అంట్లు తోమే ఆమెకు, పాలమూరు నుంచి వలసవచ్చి మేడలు కట్టిన కూలీకి వాటిలో గొంతు లేదు. వీరిలో చాలామంది కాపురం ఇక్కడ, ఓటు సొంత ఊళ్ళో. దీనిని కూడా ఉదాసీనత ఖాతాలోనే రాసేస్తున్నారు!

నిజంగా ఈ ప్రాంతపు జనం చలనం లేనివారేనా? కొండాపూర్‌కు కూతవేటు దూరంలోని కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమి విషయమే చూడండి. 2025 మార్చి 30న బుల్డోజర్లు దిగినప్పుడు కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డుపడి అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా కలుగజేసుకుని చెట్ల నరికివేతను ఆపించింది. ఒక అడవి మంచిచెడ్డలు చెప్పడానికి చుట్టుపక్కల పౌరులకు వీధీ, న్యాయస్థానమూ తప్ప మూడవ చోటు లేకపోయింది. ఏరియా సభ ఉండవలసింది సరిగ్గా అక్కడే.

కేరళలో 1996లో ప్రజాప్రణాళికోద్యమం మొదలైనప్పుడు ప్రణాళికా నిధులలో 35 నుంచి 40 శాతం దాకా స్థానిక సంస్థలకు బదిలీ చేశారు. ఖర్చు పెట్టవలసిన డబ్బు ఎదురుగా ఉన్నది గనుకనే గ్రామసభలో చర్చకు ప్రాణం వచ్చింది.

మన కర్తవ్యం దీనినిబట్టి స్పష్టం. ఓటు వెయ్యమని చెప్పడం మంచిదే. అంతటితో ఆగిపోతే మనం పాలకవర్గం చేసే నీతిబోధకు వంత పాడినవాళ్ళమవుతాము. వార్డు ప్రతినిధులను ఎన్నుకునే హక్కు, వసూలైన పన్నులో వార్డుకు నిర్ణీత భాగం, భూవినియోగం మార్చేముందు బహిరంగ సభ, అద్దెదారులకూ వలసకూలీలకూ నివాసమున్నచోటే ఓటు: ఈ నాలుగింటి కోసం ఉపాధ్యాయులూ విద్యార్థులూ బస్తీలలోకి వెళ్ళాలి. చేతికి అధికారం వచ్చిననాడు కొండాపూర్ పౌరుణ్ణి ఎవరూ నిద్ర లేపనక్కరలేదు.