లీపు సెకను

అణు గడియారాలు నడిపే ప్రపంచ ప్రామాణిక కాలం యూటీసీని భూభ్రమణంతో సరిపెట్టేందుకు అప్పుడప్పుడు కలిపే అదనపు సెకను. అణు గడియారం నడక మారదు. భూమి వేగం మారుతుంది, చంద్రుడి వల్ల కలిగే ఆటుపోట్ల రాపిడి దాన్ని యుగాలుగా మందగింపజేస్తోంది. రెండింటి తేడాను ఇప్పుడు 0.9 సెకన్లు దాటకుండా చూసే ఈ ఏర్పాటు 1972లో మొదలైంది. 2016 చివరి వరకు 27 సెకన్లు కలిపారు. ఆఖరిది భారత కాలమానం ప్రకారం 2017 జనవరి 1 ఉదయం 5:29:59 తర్వాత వచ్చింది.

కంప్యూటర్లకు 61 సెకన్ల నిమిషం మింగుడుపడదు. 2012లో రెడిట్ సహా పలు వెబ్‌సైట్లు స్తంభించాయి. గూగుల్ ఆ సెకనును ముక్కలు చేసి గంటల తరబడి సర్దుతుంది, ఇతరులు మరోలా సర్దుతారు. అసలు ప్రమాదం ఇదే: ఒకే కాలాన్ని చూపాల్సిన గడియారాలు ఆ కాసేపు ఏకీభవించవు.

2022 నవంబరులో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 2035కల్లా ఆ 0.9 పరిమితిని పెంచాలని తీర్మానించింది. కనీసం వందేళ్లపాటు యూటీసీకి అంతరాయం ఉండకూడదన్నది లక్ష్యం. కొత్త పరిమితి ఎంతో అందులో చెప్పలేదు. లీపు సెకన్లపై ఆధారపడిన గ్లోనాస్ ఉపగ్రహ వ్యవస్థను మార్చుకోవడానికి రష్యా ఎక్కువ గడువు కోరింది. ఖగోళ శాస్త్రజ్ఞుల్లోనూ కొందరికి గడియారం సూర్యుడి నుంచి విడిపోవడం ఇష్టం లేదు. ఆ అభ్యంతరం తేలిగ్గా తీసిపారేయదగింది కాదు.

ఈలోగా భూమి కాస్త వేగం పుంజుకోవడంతో సెకనును తీసివేయాల్సిన అవసరం రావచ్చన్న చర్చ మొదలైంది. అలా ఇంతవరకు ఎన్నడూ చేయలేదు.